ఒంటి మనిషి గ్యాస్ బండ

మార్చి పదకొండు, బుధవారం. నాలుగు నెలల్లో నాలుగు గ్యాస్ బండలు. ఇంట్లో మనిషి మాత్రం ఒక్కడు.

ఆ లెక్క ఆరా అక్కకు ఎంతకీ మింగుడుపడలేదు.

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా కనబడదు. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు నెలనెలా సరుకుల సంచి ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థలో దరఖాస్తులు పరిశీలించి, ఎవరికి అర్హత ఉందో, ఎవరికి లేదో తేల్చడం ఆమె పని. చెప్పుల దుకాణం మీదున్న రెండు గదులే ఆఫీసు. అందరూ దరఖాస్తును ముందు నుంచి చదివితే ఆమె వెనక నుంచి చదువుతుంది: మొదట పిన్ను కొట్టిన రసీదులు, తర్వాత సంతకం, చిట్టచివర పేరు. “మనిషి రాసింది తర్వాత చూద్దాం, ఇల్లేమంటుందో ముందు విందాం” అనేది ఆమె వాదన. ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్లు ఒక హాస్టలు వంటశాలలో సరుకుల గది చూసింది. ఎందరికి వండితే బండ ఎన్నాళ్లొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

ఆ రోజు చేతికొచ్చిన దరఖాస్తు ఒక గడియారాల మెకానిక్‌ది. వయసు యాభై ఎనిమిది. ‘మీపై ఆధారపడినవారు’ అన్న గడిలో సున్నా. సంస్థ నియమం ప్రకారం ఒకే వంటింట్లో తినేవారంతా ఒక కుటుంబం. ఇంటికొచ్చే ఆదాయాన్ని తలల చొప్పున పంచి చూస్తారు. ఒంటి మనిషి కాబట్టి మెకానిక్ ఆదాయం హద్దుకు కాస్త పైన తేలింది. మేనేజరు ‘అర్హత లేదు’ అన్న ముద్రను అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు.

“ఒక్క నిమిషం సార్. ఒక్కడే ఉంటే బండ నాలుగు నెలలొస్తుంది. ఈయనకి నెలకొకటి ఖాళీ అయిపోతోంది. ఏం వండుతున్నాడంటారు?”

“వెనకాల టీకొట్టు పెట్టుంటాడు. అదే నిజమైతే మళ్లీ ఎప్పుడూ ఇటు రాకుండా పేరు కొట్టేయాలి. ఎల్లుండి శుక్రవారంతో జాబితా మూసేస్తున్నాం, మళ్లీ మూడు నెలల దాకా తెరవం.”

“కొట్టేయడానికైనా చూసి రావాలి కదా సార్.”

“ఆరా తీయకపోతే మీకు తిన్నది అరగదక్కా!” అని మేనేజరు ముద్ర కింద పెట్టాడు.

సాయంత్రం ఇంట్లో భర్తనూ అదే అడిగింది. బస్సు నడిపి అలసి వచ్చిన ఆయన చొక్కా విప్పుతూ, “రోజుకి నాలుగుసార్లు వేణ్ణీళ్ల స్నానం చేస్తాడేమో. ఆయన లెక్క తేలేదాకా నా స్నానం జోలికి మాత్రం రాకు తల్లీ” అన్నాడు.

గురువారం ఉదయం ఆమె ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. వీధి వైపు గదిలో కిటికీ కింద బల్ల, దాని మీద మూతల్లో గుండుసూది మొనంత మరలు. గోడ మీద పదకొండు గడియారాలు, ఏ రెండింటికీ పొత్తు లేదు. మెకానిక్ కంటి అద్దం తీసి కంగారుగా లేచాడు. లోపల కుక్కరు కూత వేసింది.

“లోపల ఎవరండీ?”

“మా వదిన.” అతని గొంతు తగ్గింది. “అన్నయ్య పోయాక ఇక్కడే ఉంటోంది. ఆవిడ కూతురూ ఉంది. బట్టల షాపులో చేసేది. మెట్ల మీంచి జారిపడి తుంటి విరిగింది. నాలుగు నెలలైంది మంచానపడి. కాపడానికి వేణ్ణీళ్లు, దానికి మెత్తగా వేరే వంట... పొయ్యి ఆరదండి.”

“అంటే ముగ్గురు. మరి సున్నా అని రాశారేం?”

అతను బల్ల మీది మరలను వేలితో ఒకవైపుకు జరిపాడు. “మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. వదిన అప్పుడే కాపురానికొచ్చింది. ఆవిడ ముద్దలు కలిపి పెడితే తిని ఇంతవాణ్ణయ్యాను. ఆవిడ నా మీద ఆధారపడిందని నా చేత్తో నేను రాయాలా? చెయ్యి రాలేదండి.”

తలల సంఖ్య పెంచి రాసేవారిని ఆరా అక్క ఎందరినో చూసింది. తగ్గించి రాసి నష్టపోయే మనిషిని చూడటం ఇదే మొదలు.

“అలాగైతే మీకు సంచి రాదు. రేపే ఆఖరు.”

“రాకపోతే పోనివ్వండి. ఆ మాట మాత్రం రాయను.”

“ఏం మాటరా అది?” గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది వదిన. ఆమె ఆరా అక్క చేతిలోని దరఖాస్తు లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, ఆ సున్నా దాకా చదివింది.

“ఓరి పిచ్చి సన్నాసీ! మూడు వారాలుగా ఆకలి లేదు, ఆకలి లేదు అని కంచం ముందు నుంచి లేచిపోతుంటే, కడుపులో ఏ మాయరోగమో అని హడలిపోతున్నాను. మాకు చాలదని మానేస్తున్నావా?”

“నువ్వూరుకో వదినా...”

“నువ్వు ముందు నోర్ముయ్యి. అమ్మాయ్, ఈ కాగితం సంపాదించేవాడే రాయాలా, ఇంటి పెద్దెవరైనా రాయొచ్చా?”

ఆరా అక్క నియమాలన్నీ మనసులో ఒకసారి తిరగేసుకుంది. “కుటుంబ పెద్ద అనే ఉందమ్మా. సంపాదన ఊసు అక్కడ లేదు.”

“అయితే ఇంకో కాగితం తియ్యి.”

డెబ్బై ఏళ్ల ఆవిడ బల్ల దగ్గర కూర్చుని నిదానంగా నింపింది. ఆధారపడినవారు: ఇద్దరు. ఒకరు కూతురు, రెండోవాడు మరిది.

“నేను వడ్డిస్తే గాని కంచం ముందు కూర్చోడు. వీడు కాకపోతే ఇంకెవరు నా మీద ఆధారపడింది?”

“అది నిజమేనండి,” అన్నాడు మెకానిక్ తేలిగ్గా ఊపిరి తీసుకుని. తన ఆదాయం తానే రాసి సంతకం చేశాడు.

శుక్రవారం మేనేజరు ఆ గడి దగ్గర ఆగిపోయాడు. “సంపాదించేవాడు ఆధారపడినవాడా? ఇదెక్కడి విడ్డూరం అక్కా?”

“మన నియమం తలలు లెక్కపెట్టమంటుంది సార్. ఎవరి మీద ఎవరో తేల్చమనదు. ముగ్గురున్నారు, నా కళ్లతో చూశాను. బండ లెక్కా సరిపోయింది.”

ఆయన నియమాల పుస్తకం తెరిచి రెండుసార్లు చదివాడు. అందులో అభ్యంతరమేదీ దొరకక, జాబితాలో చివరి వరుసలో వదిన పేరు చేర్చాడు.

ఆ మరుసటి వారం సోమవారం వదిన స్వయంగా వచ్చి సంచి తీసుకుంది, మరిది మోసుకెళ్లాడు. సరుకులు సరిగ్గా ఉన్నాయా అని కనుక్కోవడానికి గురువారం ఆరా అక్క ఫోను చేసింది. పనిలో పనిగా, ఆయన తింటున్నాడా అనీ అడిగింది.

“తినడమా! నిన్న మూడోసారి వడ్డించమన్నాడు,” అంది వదిన. “ఈ లెక్కన నీ సంచి ఇరవై రోజులు కూడా రాదమ్మాయ్.”