బరువు లేని లివరు

ఆయన్ని అందరూ క్లచ్ మాస్టారనే పిలిచేవారు. బైకు నేర్పే బడిలో చేరినవాళ్లను ముందుగా బండి కదిలించనిచ్చేవాడు కాదు. ఇంజను ఆపిన బండి మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఎడంచేత్తో క్లచ్ లివరు నొక్కి వదలమనేవాడు. "దాని బరువు మీ వేళ్లకు తెలియాలి. రోడ్డు మీద ఏమీ తోచకపోతే క్లచ్ పట్టుకోండి. ఇంజను ఎంత అరిచినా బండి ముందుకు లాగదు" అనేవాడు. ఆ మాటను నమ్ముకునే ఎంతోమంది ఆ ఆవరణ దాటి వీధుల్లోకి వెళ్లారు.

అలాంటి మనిషి ఎడంచెయ్యే మొండికేసింది. ముందు చిటికెనవేలు, తర్వాత దాని పక్కది, ఒక్కొక్కటీ దీపాలార్పిన గదుల్లా మొద్దుబారిపోయాయి. నరం నలిగిందనీ, పట్టు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదాయన. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి గది తలుపేసుకోవడం మొదలుపెట్టాడు.

పాత స్నేహితుడైన మెకానిక్కు ఆయన బండికి ఆటోమేటిక్ క్లచ్ బిగించాడు. యాక్సిలరేటరు తిప్పితే ఇంజనును చక్రంతో అదే కలుపుతుంది, వదిలితే అదే విడదీస్తుంది, చేత్తో పనిలేదు. కేబులు తీసేశాక మెకానిక్కు లివరు కూడా విప్పబోతే మాస్టారు అడ్డుపడ్డాడు. ఉండనిమ్మన్నాడు. బోడి హేండిలుతో బడికి ఎలా పోనన్నాడు.

"కట్టుడుపళ్లన్నమాట" అని నవ్వాడు మెకానిక్కు. "సరే గానీ, ఈ బండి ఎవరి చేతికీ ఇవ్వకు."

మాస్టారు ఇవ్వలేదు. మలుపుల్లో పనిచేసే రెండు వేళ్లతో ఆ ఉత్త లివరును నొక్కుతున్నట్టు నటిస్తూ తిరిగాడు. చూసేవాళ్లకు ఏ తేడా కనబడలేదు. నటన అలవాటయ్యాక, చెయ్యి బాగానే ఉందేమోనని ఆయనకే ఒక్కోసారి అనిపించేది.

బండి తాళం మాత్రం ఎప్పట్లాగే వంటింటి మేకుకు వేలాడుతుండేది.

ఆయన కూతురు అప్పుడే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనికి కుదిరింది. తండ్రి దగ్గరే, బడి బండి మీదే నేర్చుకున్న పిల్ల. ఒకరోజు బస్సు తప్పిపోయింది. నాన్న స్నానానికి వెళ్లాడు. తాళం తీసుకుని బయల్దేరింది. తొందరలో లివరు తేలిగ్గా ఉందని గమనించలేదు. వీధి చివర ఒక వ్యాను వెనక్కి రావడం చూసి కంగారుపడింది. కంగారులో కుడిచెయ్యి యాక్సిలరేటరును తిప్పేసింది. అయినా తండ్రి చెప్పింది గుర్తుంది. ఎడంచేత్తో క్లచ్ గట్టిగా పట్టుకుంది. బండి ఆగలేదు సరికదా, ఎగిరి ఫోటో స్టూడియో గోడను గుద్దుకుంది.

కుడి మోచేయి విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన పిల్ల ఒకటే మాట అంది. క్లచ్ పట్టుకున్నాననే అనుకున్నాను, పట్టుకోలేదేమో.

తల్లి తిట్టింది. తండ్రి ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని కూతురు కోపమనుకుంది.

మర్నాడు ఆవరణలో అందరూ అదే ముచ్చట. క్లచ్ మాస్టారి కూతురికే క్లచ్ రాదట అని ఎవరో అంటే, ఇంట్లో పాఠాలు ఎవరి చెవికెక్కుతాయిలే అని ఇంకొకరు అందుకున్నారు. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. ఆ నవ్వు తన నోట్లోంచే వచ్చిందని తెలిశాక నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఎంత కడిగినా మొహం తనదిగా అనిపించలేదు.

సాయంత్రం కూతురు హెల్మెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఎవరికైనా ఇచ్చెయ్ నాన్నా. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది."

ఆయన లేచాడు. వాకిట్లో ముందుచక్రం వంకరపోయి ఒరిగి ఉన్న బండి దగ్గరికి ఆమెను పిలిచాడు.

"కళ్లు మూసుకో అమ్మా. లివరు నొక్కు."

ఆమె ఎడంచేత్తో నొక్కింది. మళ్లీ నొక్కింది. కళ్లు తెరిచింది.

"బరువే లేదేంటి?"

"దానికి ఏమీ తగిలించి లేదు. నా చెయ్యి పనిచెయ్యడం లేదు. ఎవరికీ తెలియకూడదని అది అలా ఉంచేశాను." ఆయన చూపు నేల మీదే ఉంది. "నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు."

ఆమె ఆయన ఎడంచేతి వేళ్లను తన చేతిలోకి తీసుకుని చూసింది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్న వేళ్లవి.

"చెయ్యి సంగతి చెబితే నేనేమైనా అనేదాన్నా నాన్నా? పొద్దున బడిలో వాళ్లంతా నవ్వారని అమ్మ చెప్పింది. నువ్వు ఏమన్నావు వాళ్లతో?"

ఆయన పనిముట్ల సంచీలోంచి పానాలు తీశాడు. ఆమె ఇంకోసారి అడగలేదు.

లివరు విప్పబోతే పానా ఆయన ఎడంచేతిలో నిలవలేదు. ఆమె ఎడంచేత్తో నట్టు కదలకుండా పట్టుకుంది. బోల్టును ఆయన కుడిచేత్తో తిప్పాడు.

మర్నాడు ఆ లివరును తీసుకెళ్లి బడి బల్ల మీద పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. కూతురి తప్పేమీ లేదన్న మాట దగ్గర తడబడి, మొదటి వరసకు కూడా సరిగా వినపడలేదేమోనని దాన్నే మళ్లీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

తర్వాత కొత్తగా వచ్చిన ఒకామెను బడి బండి మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమన్నాడు. ఆమె లివరు నొక్కుతుంటే, పక్కన నిలబడిన ఆయన ఎడంచేతిలో పనిచేసే రెండు వేళ్లూ తెలియకుండానే ముడుచుకున్నాయి. వాటిని దాచుకోవడానికి చెయ్యి జేబు దాకా వెళ్లింది. లోపలికి పోకుండా అక్కడే ఆగింది.