జానెడు మేస్త్రి కొలతలు

మా బావగారు ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు ఆ ఇంటిని జానలతో కొలిచేవారు. తరువాత, "దీన్ని ఎప్పుడు విప్పుతారు?" అని అడిగేవారు. ఆయనను గురించి చెప్పవలసిన ముఖ్య విషయం ఇదొక్కటే. తక్కినవన్నీ దీనికి అనుబంధాలు.

బావగారంటే మా అక్కయ్య భర్త. వృత్తి తాపీపని. ఆరడుగుల నిలువెత్తు మనిషి. అంతటి మనిషిని ఊరంతా జానెడు మేస్త్రి అని పిలిచేది. కొలత టేపు ఆయన జేబులోనే ఉండేది గాని, దానిని బయటికి తీయగా నేను చూడలేదు. బొటనవేలూ చిటికెనవేలూ బారచాచి, గుమ్మం మీద గొంగళిపురుగు నడిచినట్టు చేతిని నడిపించుకుంటూ పోయి, చివర మిగిలిన చోట నాలుగు వేళ్ళు ఆనించి, "ఏడు జానలూ బెత్తెడు" అని తనలో తాను అనుకునేవారు. పిమ్మట గోడను వేలి కణుపులతో రెండుసార్లు తట్టి చెవి ఆనించేవారు. ఈ కార్యక్రమం పూర్తి కానిదే ఇంటివారిచ్చిన మంచినీళ్ళ గ్లాసు ముట్టేవారు కారు.

విప్పడమనే మాట కూడా ఆయనదే. ఇల్లు కూల్చడమని ఎవరైనా అంటే ఆయన సహించేవారు కారు.

"కట్టినదాన్ని విప్పుతారు గానీ కూలుస్తారా? నువ్వు ఇంటికెళ్ళి చొక్కా గుండీలు విప్పుతావా, చొక్కా చింపుతావా?" అని నన్ను నిలదీసేవారు. నేను అప్రయత్నంగా నా గుండీలు సరిచూసుకునేవాడిని.

మందుల షాపు యజమాని కొత్త ఇల్లు కట్టుకుని, అందులో చేరిన రోజున మమ్మల్ని భోజనానికి పిలిచాడు. గోడల తడి ఇంకా ఆరలేదు. అందరమూ కూర్చున్నాము, బావగారు మాత్రం లేరు. కొంతసేపటికి వంటగదిలోనుంచి వచ్చి నా పక్కన కూర్చుని, ఇంటాయనతో ఎంతో మర్యాదగా అన్నారు:

"ఇల్లు బాగుందండీ. విప్పేటప్పుడు నాకొక మాట చెప్పండి."

వడ్డిస్తున్నది ఇంటాయన అత్తగారు; ఆవిడ చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"ఇవాళేగా చేరాం, మేస్త్రిగారూ" అన్నాడు ఇంటాయన.

"తొందరేం లేదు. మీ వీలు చూసుకునే."

"ముందు మీరు భోంచెయ్యండి."

"చేస్తున్నా. ఆ వంటగది కిటికీ మాత్రం పచ్చి కర్రతో చేశారండీ, పాపం."

తిరుగుదారిలో మా అక్కయ్య, "ఈసారి మిమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్తే, చేతులు రెండూ నా కొంగుకి ముడేసి తీసుకెళ్తా" అంది.

"ముడైతే సులువేనే. విప్పుకోవచ్చు" అన్నారు బావగారు.

ఒకసారి ఆయన తీవ్రమైన జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. మూడవ నాటి ఉదయం నేను వెళ్ళేసరికి డాక్టరు గుమ్మంలో నిలబడి గద్దిస్తున్నాడు.

"మంచం దిగొద్దని చెప్పానా లేదా?"

"దిగలేదండీ. మంచం మీద నిలబడే కొలిచాను" అన్నారు బావగారు, కిటికీ పైఅంచు పట్టుకుని.

"దిగండి ముందు."

"దిగొద్దన్నారుగా. డాక్టరుగారూ, ఈ వార్డు ఎప్పుడు విప్పుతారు?"

"మీరు వెళ్ళాక" అన్నాడు డాక్టరు. బావగారు ఆ జవాబును సీరియస్‌గా తీసుకుని మరునాడే ఇంటికి వచ్చేశారు.

ఇక ఆయన పనితీరు. పాత ఇల్లు తీసివేసే పనికి గునపంతో వచ్చిన కూలీని గేటు దగ్గరే ఆపి, గునపం గోడకు ఆనించమని చెప్పి, చేతికి చిన్న ఉలి ఇచ్చేవారు. మొదట పెంకులు, పిమ్మట వాసాలు, ఆ పిమ్మట దూలాలు, తలుపులు, కిటికీలు, కట్టకడపట ఇటుకలు. ఆ ఇల్లు కట్టినవారు ఏ వరుసలో కట్టారో సరిగ్గా దానికి తలకిందుల వరుసలో దిగేవారు. ప్రతి ఇటుకకూ అంటిన సున్నం గీకించేవారు. సాయంకాలం ఇంటి గడప మీద కూర్చుని, వంగిన మేకులను ఒక్కొక్కటిగా రాతి మీద పెట్టి సుత్తితో తిన్నగా చేసేవారు. ఆ టకటక చప్పుడు ఆగితే దీపాలు పెట్టే వేళైందని వీధిలో వారికి తెలిసేది.

తాను కట్టే ఇళ్ళకు కూడా, వీలైనంతవరకు, సిమెంటు మాని సున్నమే వాడేవారు. దీని మీద ఒక ఇంటి యజమానితో జరిగిన సంభాషణకు నేనే సాక్షిని.

"మేస్త్రీ, ఇల్లు గట్టిగా ఉండొద్దా?"

"గట్టిగానే ఉంటుందండీ. కానీ మీ మనవడు విప్పే రోజున ఇటుకలు ఇటుకలుగా రావాలి. ముక్కలైతే నన్ను తిడతాడు."

"నాకింకా పెళ్ళే కాలేదు."

"అందుకే ముందుగా చెప్తున్నా."

ఇలా విప్పిన సామాను అంతా వారి ఇంటి వెనుక ఆవరణలో చేరేది. తలుపులే అరవై మూడు. కిటికీలు, దూలాలు, పెంకులు, మెట్ల కమ్మీలు, నీటి గొట్టాలు వరుసలుగా ఉండేవి. ప్రతి వస్తువు మీద సుద్దతో ఏదో రాసి ఉండేది. అది చదవవలెనని మాలో ఎవరికీ తోచలేదు. ఆ రాతను చూచినవారు నా మాటను ఒప్పుకుంటారు, కోడి గీరినట్టుండేది.

ఇన్ని ఉండీ, వారి స్నానాలగదికి తలుపు లేదు. గోనెపట్టా వేలాడుతుండేది.

"అరవై మూడు తలుపులున్న ఇంట్లో గోనె చాటున స్నానం చేసేదాన్ని నేనొక్కదాన్నేరా, తమ్ముడూ" అనేది అక్కయ్య.

"ఆ కొలతకి దొరకలేదే" అనేవారు బావగారు.

"పోయినేడు దొరికిందిగా?"

"అది దర్జీ ఆవిడ ఇంటికి సరిపోయింది."

"అంతకుముందుది?"

"అది ఆవిడ పక్కింటికి."

పరిస్థితులు ఇట్లుండగా, నేను లేఖకుడిగా పనిచేస్తున్న గృహనిర్మాణ అనుమతుల కార్యాలయానికి కొత్త అధికారి వచ్చారు. వయసులో చిన్నవారు, నియమం తప్పనివారు. బావగారి ఆవరణ చూడడానికి వికారంగా ఉన్నదని వీధిలో ఎవరో అర్జీ పెట్టారు. దాని మీద అధికారి ఉత్తరువు చెప్పారు, నేను రాసుకున్నాను: "నివాస వీధిలో నిలువ ఉంచిన పనికిరాని శిథిలములను పదిహేను దినములలోగా ఊరి వెలుపలి గోతిలో పారవేయవలెను. లేనిచో కార్యాలయమే తొలగించును."

శుభ్రప్రతి తయారు చేయడం నా విధి. ముప్పైరెండేళ్ళ ఉద్యోగంలో రాయడానికి అంత మనసొప్పని కాగితం నాకు మరొకటి తగలలేదు. దానిలో ఒక్క కొట్టివేత కూడా లేదు.

ఉత్తరువు అందుకోవడానికి బావగారు కార్యాలయానికి వచ్చారు. నా ముఖం వైపు చూడకుండా కాగితం చదివి, "దస్తూరీ ముత్యాల్లా ఉంది, బావమరిదీ" అన్నారు. తిరగేసి చూశారు. "వెనక ఖాళీయే" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. తరువాత లేచి, రికార్డుగది కిటికీ మీద చెయ్యి నడిపించసాగారు.

"ఆయన ఏం చేస్తున్నారు?" అని అధికారి నన్ను అడిగారు.

"కొలుస్తున్నారండీ."

"దేనికి?"

"తెలియదండీ. ముప్పై ఏళ్ళ నుంచి కొలుస్తున్నారు. ఎవరమూ అడగలేదండీ."

అప్పటికే బావగారు అధికారి బల్ల ముందు నిలబడి, "ఆ కిటికీలు ఎప్పుడు విప్పుతారండీ?" అని అడిగారు.

"ముందు మీ ఆవరణ విప్పండి" అన్నారు అధికారి.

బావగారు జేబులోని కాగితం తడిమి చూసుకుని, ఆ రోజు గోడ తట్టకుండానే వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తరువాత అక్కయ్య మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"నాలుగు రోజులుగా మేకుల చప్పుడు లేదురా. సుత్తి పక్కన పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నారు. నేనే అరిచి గోల చేసేదాన్ని, ఆ సామాను ఎప్పుడు పోతుందా అని. ఇప్పుడు పోతుందంటే భయమేస్తోంది. ఆ గోతిలో పడేది తలుపులు కాదు, ఆయనే. ఆ కాగితం నువ్వే రాశావట కదా?"

"ఉత్తరువు నాది కాదు, అక్కయ్యా. అక్షరాలు మాత్రమే నావి."

"అక్షరాలు చాలా బాగున్నాయట. చెప్పారు" అని వెళ్ళిపోయింది.

పన్నెండవ దినమున, మధ్యాహ్నం రెండు గంటల వేళ, గాలివాన వచ్చింది. గంటన్నర మాత్రమే ఉన్నది. ఆ గంటన్నరలో ఊళ్ళో మూడోవంతు ఇళ్ళ పైకప్పులు లేచిపోయాయి. ఏటి వంతెన మధ్య భాగం కొట్టుకుపోయింది. సిమెంటు, పెంకులు, కిటికీలు తెచ్చే లారీలు అవతలి ఒడ్డునే నిలిచిపోయాయి.

మరునాడు ఉదయం సిమెంటు షాపు ముందు జనం గుమిగూడారు. "వంతెన లేచేదాకా నా దగ్గర ఇటుక ముక్క కూడా లేదు. రెండు నెలలో, మూడు నెలలో" అన్నాడు షాపాయన. మళ్ళీ మబ్బు పడుతున్నది. మందుల షాపు యజమాని వంటగది కిటికీ చట్రంతో సహా ఊడి వీధిలో పడి ఉన్నది. అతడు ఆకాశం వంక చూసి, అక్కడున్న వారి వంక చూసి, "జానెడు మేస్త్రి దగ్గర ఏమైనా..." అని ఆగాడు. ఆ వాక్యం పూర్తి కాకముందే జనం నడవడం మొదలుపెట్టారు.

బావగారు ఆవరణ గేటు తీసి, చేతిలో కాగితాల కట్టతో నిలబడి ఉన్నారు.

"మందుల షాపు. వంటగది కిటికీ. నాలుగు జానలూ బెత్తెడు. మూడో వరస, ఎడమపక్క" అని చదివారు.

మందుల షాపు యజమాని మూడో వరుసకు వెళ్ళాడు. అక్కడ ఒక కిటికీ. దాని మీద సుద్దతో, కోడి గీరినట్టే, "మందుల షాపు వంటిల్లు" అని ఉన్నది. పక్కనున్న తలుపు మీద "దర్జీ ఆవిడ తమ్ముడు". దూలం మీద "బడి, రెండో గది". నాలుగు కిటికీల మీద "ఆసుపత్రి, జ్వరం వార్డు". అందరూ ఒకరి పేరు ఒకరు వెతికిపెట్టుకుంటూ ఆ వరుసల మధ్య తిరగసాగారు. తన పేరు కనబడినవారు ఆ సుద్దరాత చెరగకుండా వస్తువును ఎత్తుకునేవారు.

"మా కిటికీ ఎప్పుడు కొలిచారు?" అన్నాడు మందుల షాపు యజమాని.

"భోజనానికి పిలిచారుగా."

"మేమేదో మా సామాను మీద మీ కన్ను పడిందనుకున్నాం. ఎప్పుడు విప్పుతారని అడుగుతుంటే మరి..."

"కొత్తింట్లో కూర్చుని, మీ కిటికీ రెండేళ్ళు కూడా నిలవదండీ అంటే బాగుంటుందా?" అన్నారు బావగారు. "ఎప్పుడు విప్పుతారంటే తిట్టుకుని ఊరుకుంటారు. తిట్లతో పోతుంది. మీ అత్తగారు ఆ రోజు నాకు రెండోసారి వడ్డించలేదు కూడా."

సాయంకాలానికి బడికి మళ్ళీ కప్పు వచ్చింది. సున్నంతో కట్టిన పాత గోడలు కూలినచోట ఇటుకలు ఇటుకలుగానే దొరికాయి. వాటినే తిరిగి పేర్చారు. తిన్నగా చేసిన మేకులు డబ్బాలు డబ్బాలుగా బయటికి వచ్చాయి.

అధికారి ఆ సాయంకాలమే వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో నిలబడి, "మేస్త్రిగారూ, రికార్డుగది కిటికీలు పోయాయి. ఊరి దస్తావేజులన్నీ అక్కడే ఉన్నాయి. మాకు కూడా ఏమైనా..." అన్నారు.

బావగారు కట్టలోనుంచి ఒక కాగితం తీసి అందించారు. అధికారి చదివారు: "ఆఫీసు రికార్డుగది. కిటికీలు రెండు. అయిదేసి జానలు. ఆఖరి వరస." ఏదో అనుమానం వచ్చి కాగితం తిరగేశారు. అవతలి వైపు నా దస్తూరీలో ఆయన ఉత్తరువు ఉన్నది. ఆయన ఒకసారి ఇటూ, ఒకసారి అటూ తిప్పి చూశారు. "పనికిరాని శిథిలములు" అన్న చోట బొటనవేలు పెట్టి, అది కనబడకుండా పట్టుకున్నారు.

ఆ మరునాడు బావగారు ఒక ఇనుప కమ్మీ మోసుకుంటూ మా ఇంటికి వచ్చి, మేడమెట్ల పక్కన బిగించసాగారు.

"మా ఇంటికేమీ నష్టం జరగలేదు, బావగారూ" అన్నాను.

"ఇంటికి జరగలేదు. మోకాలికి జరిగింది."

మోకాలి నొప్పి సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ మాటే అన్నాను.

"చెప్పక్కర్లేదు. గోడ మీద తొమ్మిది చోట్ల నీ అరచేతి మరకుంది. దాని ఎత్తు కొలిచి రెండేళ్ళయింది. పట్టుకో, ఎత్తు సరిపోయిందా?"

నేను పట్టుకున్నాను. సరిపోయింది.

వారం తరువాత కార్యాలయంలో పాత ఉత్తరువును రద్దుచేసే కొత్త ఉత్తరువు తయారైంది. బావగారూ అక్కయ్యా వచ్చి బల్ల ముందు కూర్చున్నారు.

"శిథిలములు అన్న మాటకి బదులు ఏం రాద్దాం?" అని అధికారి నన్ను అడిగారు. నేను ఇచ్చిన సలహా ఆయనకు నచ్చింది: "ఊరి అవసరమునకు సిద్ధముగా ఉంచిన నిర్మాణ సామగ్రి." శుభ్రప్రతికి కూర్చున్నాను.

"బావమరిదీ, ఒకవైపే రాయి. రెండో వైపు నాకు పనుంది" అన్నారు బావగారు.

"ఆ రెండో వైపు మొదటి వరసలో మన స్నానాలగది రాయండి" అంది అక్కయ్య. "ఇప్పుడు నలభై తలుపులు పోయి ఇరవై మూడే ఉన్నాయి. నా గోనె మాత్రం అలాగే ఉంది."

"ఆ కొలతకి దొరకలేదే. మూడు జానలూ బెత్తెడు."

అధికారి కలం మూత పెట్టి, మెల్లగా లేచారు. తన గదికీ రికార్డుగదికీ మధ్యనున్న తలుపు దగ్గరకు వెళ్ళారు. ఇటూ అటూ చూసి, బొటనవేలూ చిటికెనవేలూ బారచాచి, ఆ తలుపు అడ్డకొలత మీద చేతిని నడిపించారు. చివర నాలుగు వేళ్ళు ఆనించారు.

"నాది చిన్న చెయ్యి. మీరొకసారి చూడండి, మేస్త్రిగారూ" అన్నారు. "ఈ తలుపు ఇవాళే విప్పుతున్నాం."