చెవుల్లేని గొర్రెల కోసం గోదావరి నడుమకు

గోదావరి నడుమ తిప్ప మీద చెవుల్లేని అడవి గొర్రెలు తిరుగుతున్నాయని గోదావరిఖనిలో ఉండే మా బావ ఉత్తరం రాశాడు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే నాకు అంతకంటే ఏం కావాలి? ఎవరూ ఎరగని కొత్త జాతి కావచ్చు. దానికి పెట్టడానికి నా పేరు నోటుబుక్కు మొదటి పేజీలో ముందే రాసేసుకున్నాను. అది డెబ్బై మూడో సంవత్సరం, శివరాత్రి వెళ్లిన వారం.

వరంగల్‌లో తెల్లవారుజామున ప్యాసింజరెక్కి తొమ్మిదింటికి రామగుండంలో దిగాను. స్టేషను బయట పూరీ తిని గోదావరిఖని బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలమ్మ నా సంచిలోని కొలత టేపు చూసి, "దర్జీవా బిడ్డా?" అంది. గొర్రెల్ని కొలవడానికన్నాను. "గొర్లకు అంగీలు కుడుతవా!" అని బస్సంతా వినేలా నవ్వింది.

మా బావ పక్క క్వార్టరులో ఉండే ఓదెలు తోడొస్తానన్నాడు. బొగ్గుబాయి కార్మికుడు, ఆ రోజు డ్యూటీ లేదు. పదకొండింటికి రేవు చేరాం. పడవ నడిపే సాయిలు అతణ్ణి చూసి వెక్కిరింపుగా నవ్వాడు.

"ఏంది బావా, ఇంకెవలి చెవులు కోస్తవ్?"

ఓదెలు ముఖం మాడిపోయింది. పడవ సగం దూరం పోయాక సంగతి చెప్పాడు. ఆ రేవు వాళ్ల ఊరిదే. ఊళ్లో ఎవరి గొర్రెలకు వాళ్లు చెవి మీద గాటు పెట్టుకుంటారు, అదే గుర్తు. ఓదెలు మందలో చెవుల్లేని పిల్లలు కనబడేసరికి, దొంగిలించి గుర్తు తెలియకుండా చెవులు కోసేశాడన్నారు.

"పుట్టుకనే గట్ల అంటె ఒక్కలన్న నమ్మలె సారూ. మందను గీ తిప్ప మీద ఇడిసిపెట్టి బాయిల చేరిన. పన్నెండేండ్లాయె. మల్ల గీ రేవుకు గిదే వచ్చుడు."

నా కొత్త జాతి అక్కడే సగం మునిగింది. నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది.

తిప్ప మీద తుమ్మల నీడలో పదిహేను దాకా ఉన్నాయి. నల్ల ఉన్ని ఏళ్లుగా కత్తెర పడక పేలికల్లా వేలాడుతోంది. అడవి గొర్రె తన బొచ్చు ఏటా తానే రాల్చుకుంటుంది. ఇలా ఉన్ని పేరుకుపోయేది మనిషి పెంచిన జాతికే. ఇవి గొంగళ్లు నేసే ఉన్ని గొర్రెల సంతతి, సందేహం లేదు. మమ్మల్ని చూసి అన్నీ పరుగెత్తాయి. ఒక్కటి మాత్రం కదల్లేకపోయింది. అది మా కళ్ల ముందే ఈనింది.

తల్లికి బొటనవేలంత చెవులు. తడిపిల్లకు అసలే లేవు. వేలితో తడిమి చూశాను. గాటు లేదు, మచ్చా లేదు.

"సాయిలూ, ఇప్పుడు కత్తి ఎవరి చేతిలో ఉంది?" అన్నాను. "ఇది రక్తంలో దిగే లక్షణం. ఒక వైపు నుంచే వస్తే చెవులు పొట్టివవుతాయి. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే అసలే ఉండవు."

సాయిలు తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి పిల్లను తుడిచాడు.

"తప్పయింది బావా. పంచాయితిల ముందుగాల నిన్ను దొంగ అన్నది నేనే."

తల్లినీ పిల్లనూ పడవెక్కించాం. ఒడ్డు ఇంకా దూరముండగానే సాయిలు గొంతెత్తాడు. "ఓదెలు బావ దొంగ కాదుర్రో! జల్ది రాండ్రి, సూడుండ్రి!" బట్టలుతికేవాళ్లూ చేపలు పట్టేవాళ్లూ పరుగెత్తుకొచ్చారు. ఓదెలు పిల్లను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు దాని తల తడిమి చూశారు. నాకు ఆనందం పట్టలేక అరవాలనిపించింది, అరిచాను కూడా.

ఐదున్నర బస్సుకు నేనొక్కణ్ణే వెనుదిరిగాను. ఓదెలును ఊరు వదిలిపెట్టలేదు. వెళ్లాలనుకునేవారు నీళ్లు తగ్గాకే వెళ్లండి, సద్ది కట్టుకుని మరీ. తిప్ప మీద ఏమీ దొరకదు.

రైల్లో నోటుబుక్కు తీసి మొదటి పేజీలో నా పేరు కొట్టేశాను. జాతి అన్నచోట పెంపుడు గొర్రె అని రాశాను. కింద, యజమాని: ఓదెలు.