ఇసుకలో గీసిన ఏరు

ఎనభైల్లో అరబ్బు దేశంలో, అహ్మదిలో పైపులైను పని చేసేవాణ్ణి. మా ఫోర్‌మన్ ఇవాన్‌ది యుగోస్లావియా. ఓ మధ్యాహ్నం పోలీసులొచ్చి ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డులు అందరివీ చూసి వెళ్లారు. తర్వాత ఇవాన్ వెల్డింగ్ రాడ్డుతో ఇసుకలో ఒక ఏరు గీశాడు. ఒడ్డున ఒక ఖర్జూరం గింజ పెట్టి తన ఊరు మెట్కోవిచ్ అన్నాడు. కాస్త ఎగువన ఇంకో గింజ పెట్టాడు. అది అత్తగారి ఊరట.

"మాది క్రొయేషియా, వాళ్లది బోస్నియా. ఒకే దేశంలో రెండు రాష్ట్రాలు. ఆదివారం భోజనానికి నడిచే వెళ్తాం. కార్డు ఎవడడుగుతాడు?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

నాకు ప్రాణం లేచొచ్చింది. "మాదీ అంతేనండీ! గోదారి మీద పంటు పడవెక్కి దిగితే యానాం. అది పాండిచ్చేరి వాళ్లది, అయినా ఎవడూ అడగడండి!" అని ఆత్రంలో తెలుగులోనే అనేశాను. ఏం అర్థమైందో, మూడో గింజ నా చేతిలో పెట్టాడు. దాన్ని అతని ఏటి ఒడ్డునే పెట్టాను.

తర్వాత్తర్వాత వాళ్ల దేశం ముక్కలైంది. ఆ మొదటి రెండు గింజల మధ్య ఇప్పుడు పాస్‌పోర్టు అడుగుతారట. మాకేమో యానానికి వంతెన పడింది. ఎవరూ ఏమీ అడగని ఆ వంతెన దాటినప్పుడల్లా, అత్తగారింట్లో ఇవాన్ ఆదివారం భోజనం చల్లారిపోతోందేమో అనిపిస్తుంది.