సమ్మెట పట్టని సిపాయి

యుద్ధం నుంచి ఇంటికి పంపించేస్తారని తన కాలు తనే తుపాకీతో కాల్చుకున్నాడట. ఊళ్ళో కమ్మరి గురించి అందరూ చెప్పుకునే మాట ఇది. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. అయినా టీ కొట్టులో ఆ కథ మొదలైతే గ్లాసుల్లో టీ చల్లారిపోయేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు టీ కొట్టాయన మరీ ముచ్చటగా చెప్పేవాడు.

"బూటు విప్పి మరీ కాల్చుకున్నాడండీ. మంచి బూటు పాడైపోదూ! మహా పొదుపరి."

ఆ నవ్వులు రోడ్డు దాటి కొలిమి దాకా వినపడేవి. కమ్మరి మాత్రం ఎర్రగా కాలిన కొడవలి మీంచి చూపు తిప్పేవాడు కాదు. అతన్ని అందరూ సిపాయి అనే పిలిచేవారు. అది గౌరవంతో కాదని పిలిచేవాళ్ళకూ తెలుసు, పలికేవాడికీ తెలుసు.

కొలిమి పని ఒక్క చేతి మీద నడవదు. ఒకరు పట్టకారుతో ఇనుము తిప్పుతూ చిన్న సుత్తితో చోటు చూపిస్తారు. రెండోవాళ్ళు సరిగ్గా అక్కడే సమ్మెట దించాలి. ఏ కొలిమిలోనైనా రెండోమనిషి అలిసిపోతే పెద్ద కమ్మరే సమ్మెట అందుకుంటాడు. సిపాయి ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు. కుంటికాలు నిలవదు కాబోలని జనం అనుకున్నారు. భార్య బతికున్నన్నాళ్ళూ ఆమె కొట్టింది. ఆమె పోయాక కొడుకు కొట్టాడు. కొడుకు వెళ్ళిపోయాక కూతురు బడి మానేసి సమ్మెట పట్టుకుంది.

కూతురికి మాటలు తక్కువ. భుజాలు మాత్రం గట్టిపడ్డాయి. నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు, "నిన్ను చేసుకునేవాడు ముందు ఇన్సూరెన్సు చేయించుకోవాలే!" అని ఏడిపిస్తే తల వంచుకుని బకెట్లు ఎత్తుకునేది.

కొడుకు వెళ్ళిపోయింది కూడా ఆ కథ మూలానే. చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే పిల్లలు అతని వెనకాల వరస కట్టి కుంటుతూ నడిచేవారు. మీసాలు వచ్చినా ఆ వరస వదల్లేదు. ఒకరోజు సమ్మెట కింద పడేసి తండ్రికి అడ్డంగా నిలబడ్డాడు.

"అబద్ధమని ఒక్క మాట చెప్పు నాన్నా. వాళ్ళ నోళ్ళు నేను మూయిస్తా."

తండ్రి కొలిమి తిత్తి ఊదుతూనే ఉన్నాడు. కొడుకు ఆ సాయంత్రమే బట్టలు సర్దుకున్నాడు. లారీ డ్రైవరయ్యాక ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళాడో, ఒక్కసారీ ఆపలేదు. ఆ హారన్ కూతురు గుర్తుపట్టేది. తండ్రీ గుర్తుపట్టేవాడు, సుత్తి ఒక దెబ్బ తప్పేది.

ఒక మధ్యాహ్నం కూతురి మణికట్టు బెణికింది. నాగలి కర్రు నిప్పుల్లో కాగి సిద్ధంగా ఉంది.

"ఈ ఒక్కదానికీ నువ్వు కొట్టు నాన్నా. నేను పట్టుకుంటా."

తండ్రి సమ్మెట ఎత్తాడు. కాలు బాగానే నిలిచింది. చేతులే నిలవలేదు. నిద్రపోతున్న పసిపిల్లను దించినట్టు సమ్మెటను నేల మీద పెట్టి, కర్రు నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నోరు విప్పాడు.

సైన్యంలో అతని పని కంచరగాడిదలకు నాడాలు కొట్టడం. కొండల్లో సామానంతా మోసేవి అవే. దొరసాని, నిద్రమొహం, అలకలమారి అని అన్నిటికీ పేర్లు పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి వెనక్కి తగ్గమని హుకుం వచ్చింది. వాటిని వెంట తీసుకుపోయే దారి లేదు. వదిలేస్తే శత్రువు వాడుకుంటాడు.

"వాటి మీద తుపాకీ గుళ్ళు దండగన్నారమ్మా. సమ్మెట ఉందిగా నీకు అన్నారు. నేను దగ్గరికి వెళ్ళగానే అవి ఒక్కోటీ కాలెత్తి ఇచ్చాయి. నాడా మార్చడానికొచ్చాననుకున్నాయి. దొరసానికి మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. అది నా మీదికే ఒరిగింది. పాదం దాని కింద నలిగిపోయింది."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా? అన్నయ్యకైనా..."

"వాడికి అసలు చెప్పకు. టీ కొట్టు కథే ఉండనీ. అందులో దెబ్బ తగిలింది నాకొక్కడికే."

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ చలికాలం అతని ఊపిరి బరువెక్కింది. మంచం మీంచి లేవలేకపోయాడు. కూతురు అన్నకు ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చిపో అన్నయ్యా" అంది. ఒట్టు తనకే గానీ తండ్రికి లేదు కదా. కొడుకు ఎదురుగా నిలబడితే ఆయనే చెప్పేస్తాడని ఆమె ఆశ.

కొడుకు వచ్చాడు. గది లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇప్పుడైనా చెప్పు నాన్నా. కాల్చుకున్నావా, లేదా?"

కూతురు మంచం పక్కన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. తండ్రి ఆమె వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు అది.

"కాల్చుకున్నాన్రా" అన్నాడు. "భయమేసింది. ఇంటికొచ్చేయాలనిపించింది."

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని కూతురికి అనిపించింది. లారీ దాకా వెంట వెళ్ళింది. లారీ తలుపు మీద చెయ్యి వేసి, ఒట్టు గుర్తొచ్చి తీసేసింది.

"మందులు కావాలంటే ఫోన్ చెయ్యి చెల్లీ" అని అతను తలుపు వేసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"ఏమైనా తిన్నాడా?"

"లేదు నాన్నా."

చలి తగ్గకముందే తండ్రి పోయాడు. కొడుకు వచ్చి జరిపించాల్సింది జరిపించి, ఎవరి మొహమూ చూడకుండా లారీ ఎక్కాడు.

ఆ రోజు గుమ్మం దగ్గర మాటలు పక్కింటివాళ్ళ చెవిన పడ్డాయి, టీ కొట్టాయన కథకు ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది. "కన్నకొడుకు దగ్గరే ఒప్పుకున్నాడండీ, ఇంకేం కావాలి!" అంటున్నాడు. చల్లారిన కొలిమి ముందు కూర్చుని కూతురు ఆ మాటలు వింటోంది. ఇప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టినా, పోయినవాడి నోటిమాట కాదని ఈమె మాట నమ్మేదెవరు? ఏ తుపాకీతో కాల్చుకున్నాడని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆ సైన్యంలో నాడాలు కొట్టేవాళ్ళకు తుపాకులు ఇవ్వలేదు.