షాఫ్టు గారి అలక

మర్యాద విషయంలో మా తాతయ్య బసవపున్నారావు జమీందార్లకైనా పాఠాలు చెప్పగలడు. "అండీ" అనకుండా ఒక్క బోల్టు కూడా విప్పడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ మర్యాదంతా వస్తువులకే. మనుషులంతా ఆయనకు "ఒరేయ్". ఆడపిల్లనైనా నాకూ ఒరేయే.

జాకీని "కాస్త పైకి లేవండి" అంటాడు. తుప్పు పట్టిన నట్టు మీద కిరసనాయిలు పోసి "తొందరేం లేదండీ, మీ వీలు చూసుకునే రండి" అంటాడు. ఓసారి తోటలో మోటారు ఆగిపోతే "ఒంట్లో బాలేదాండీ" అని దాన్ని పరామర్శించి, అదే నోటితో, చూడ్డానికొచ్చిన ఇంజనీరును "ఒరేయ్, చెప్పులు విడిచి రారా" అన్నాడు.

ఈ వేసవిలో ఆ ఒరేయ్ మా కొత్త బాబాయికి తగిలింది. మొన్న మాఘంలో మా శ్రావణి పిన్నిని పెళ్లి చేసుకున్నాడు. పేరు రవిచంద్ర, ఊరు మైలవరం. పెళ్లయ్యాక తొలి మామిడి కాపు కదా అని పిలిచారు. పొద్దున్నే అమ్మమ్మ చిన్న రసం మామిడిపండు చేతిలో పెడితే, ఆయన కత్తి అడిగి, చక్కగా ముక్కలు కోశాడు. రసాన్ని. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, జుర్రుకోవలసిన పండును. పళ్లెమంతా పసుపు మడుగు.

"ఒరేయ్, రసాన్ని కోస్తావేంట్రా" అన్నాడు తాతయ్య, కాయలు కోయడానికి వచ్చినవాళ్లందరి ముందూ.

బాబాయి చేయి కడుక్కుని బ్యాగు సర్దేశాడు. "ఈ ఇంట్లో నట్టుకున్న మర్యాద నాకు లేదు. నేను మైలవరం వెళ్లిపోతా."

"నన్ను కూడా రమ్మంటారా?" అని పిన్ని అడిగితే బ్యాగు జిప్పు లాగాడు. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మమ్మ తాతయ్య వైపు చూసింది. పొరపాటైందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. తాతయ్య గొంతు సవరించుకుని, "బస్సు సాయంత్రం దాకా లేదు. కారులో దింపుతాను. దానికి కాస్త పనుంది" అని వెళ్లి, ముందు చక్రం ఊడదీసి, డ్రైవ్ షాఫ్టును బయటికి లాగాడు.

అది ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే ఇనుప కడ్డీ. పాత కారులో దాన్ని లాగడం ఒక పని, తిరిగి దూర్చడం పది పనులు. దాని పళ్లు గేరుబాక్సు లోపలి పళ్లలో కూడాలి. కొసనున్న రింగు ముడుచుకుని లోపలికి పోవాలి. అప్పుడు టక్ మంటుంది. మా షాఫ్టు టక్ మననంది.

తాతయ్య కారు కింద పడుకున్నాడు. నేను టార్చి పట్టాను. బాబాయి అరుగు మీద కుర్చీలో, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపలికి దయచేయండి షాఫ్టు గారూ."

దయచేయలేదు.

"కోపమొచ్చిందాండీ? నా నోరు అలాంటిదండీ. మనసులో ఏం ఉండదండీ."

షాఫ్టుకు కోపమేమిటా అని వంగి చూశాను. మామూలుగానే ఉంది.

"కొత్తగా వచ్చారు. నాలుగు రోజులుంటే మేమేంటో మీకే తెలుస్తుందండీ. మా పిల్ల పొద్దుట్నుంచీ ముద్ద ముట్టలేదండీ."

"తాతయ్యా, షాఫ్టుకి పిల్లేంటి?"

"నువ్వు టార్చి తిన్నగా పట్టరా." మళ్లీ గొంతు మెత్తబడింది. "పండు ఎలా తింటే ఏంటండీ. మీరు కోసుకునే తినండి. కత్తి నేనే నూరించి పెడతాను."

అరుగు మీద కుర్చీ కిర్రుమంది. బాబాయి చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి, చక్రం ఉండాల్సిన చోట చతికిలబడ్డాడు.

"మావయ్యగారూ, మీరు ఆ కొస పట్టుకోండి. నేను ఇటు నుంచి తోస్తాను."

"తిప్పుతూ తొయ్... తొయ్యండి" అన్నాడు తాతయ్య. ఆయన నోట మనిషికి అండీ తగలడం నేను వినడం అదే మొదలు. టార్చి జారిపోయింది.

బాబాయి తోశాడు. కదల్లేదు.

"తొయ్యరా అనండి మావయ్యగారూ. చేతికి బలమొస్తుంది."

"అయితే తొయ్యరా."

టక్.

మధ్యాహ్నం ఇద్దరూ గ్రీజు పోని గోళ్లతో పక్కపక్కన కూర్చుని రసాలు పిసికారు. బాబాయికి మోచేయి దాకా పసుపు కారింది. పిన్ని నవ్వి నవ్వి రెండోసారి అన్నం పెట్టించుకుంది. బ్యాగు ఎప్పుడు లోపలికి వెళ్లిందో ఎవరూ చూడలేదు.

నాకు మాత్రం ఒకటి అంతుపట్టలేదు. ముందురోజే ఆ కారులో నేనూ తాతయ్యా విస్సన్నపేట వెళ్లొచ్చాం. కిక్కురుమనకుండా నడిచింది. చెవి దగ్గరికి జరిగి అడిగాను.

"షాఫ్టు బాగానే ఉంది కదా తాతయ్యా, ఎందుకు పీకావు?"

"ఒరేయ్, నోరు మూసుకుని టెంక చీకు."