మూడు జతల బావ

మా అక్క మొగుడు చెప్పుల దుకాణంలో సేల్స్‌మన్. తోటివాళ్లంతా ఆయన్ని 'మూడు జతలాయన' అంటారు. నాకు మూడు జతల బావ. ఎవరొచ్చినా స్టూలు మీద కూర్చోబెట్టి, పాదం వంక ఒకసారి చూసి, లోపలికెళ్లి మూడంటే మూడే జతలు తెస్తాడు. ఒకటి ధర వింటేనే గుండె గుభేలుమనేది. ఒకటి చూడగానే మొహం చిట్లించుకునేది. ఇక మధ్యలో ఒకటి. దాన్ని ముట్టుకోడు, పొగడడు. "ఎక్కువమంది ఇదే తీసుకుంటారండీ" అని మెత్తగా ఒక్కమాట అని ఊరుకుంటాడు. వచ్చినవాళ్లు ఆ మధ్యదే పట్టుకుపోతారు. పైగా ఎంత తెలివిగా కొన్నామోనని మురిసిపోతూ వెళతారు.

ఈ కిటుకు ఆయనే నాకు చెప్పాడు.

"చూడు మరదలా, చెప్పు ధర ఎంతుండాలో ఎవరికీ తెలీదు. పక్కనున్న చెప్పుతో పోల్చుకుంటారు, అంతే. ఆ పక్కన ఏం పెట్టాలన్నదే నా ఉద్యోగం."

అన్నీ తెలిశాక నన్నెవరు బోల్తా కొట్టిస్తారులే అన్న ధీమాతో ఒకసారి ఆ దుకాణానికే వెళ్లాను. నాక్కావలసింది ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు. తీరా బయటికొచ్చేసరికి నా చేతిలో ఉన్నది తోలు చెప్పులు, అదీ మధ్యజత. ఇంటికొచ్చి పెట్టె తెరిచాక నామీద నాకే ఒళ్లు మండింది. తెలిసి తెలిసి ఎలా పడ్డానబ్బా? ఆ రోజునుంచీ బావ అంటే నాకు గౌరవంతోపాటు కాస్త భయం కూడా పట్టుకుంది.

అలాంటి మనిషికి కూడా ఒకరోజు స్టూలు మీద కూర్చోవలసి వచ్చింది.

బావ వాళ్లమ్మని నేను అత్తయ్య అంటాను. ఆవిడకి వినికిడి మెల్లమెల్లగా తగ్గిపోయింది. మొదట్లో మాకది నవ్వులాటే. అక్క "పాలు పొంగుతున్నాయత్తయ్యా" అంటే "అవునే, నాకూ ఆ రంగే నచ్చింది" అనేది. తర్వాత నవ్వు పోయింది. మేమంతా అరవడం, ఆవిడ అన్నిటికీ అవునని తలూపడం. ఆఖరికి కంచం తీసుకుని తన గదిలోకే వెళ్లిపోయి, ఒక్కతే తినడం మొదలుపెట్టింది. ఆ మూసిన తలుపు చూసినప్పుడల్లా బావకి ముద్ద దిగేది కాదు.

ఆ ఏడాది దుకాణంవాళ్లు బోనస్ ఇచ్చారు. అమ్మకి చెవి మిషన్ కొనేద్దామన్నాడు. "ఎంతయినా ఫరవాలేదు. ఎలాగూ ఊరికే వచ్చిన డబ్బేగా" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. జీతం డబ్బయితే కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి. ఏడాదంతా నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతే వచ్చిన సొమ్ము ఊరికే వచ్చిందెలా అవుతుంది? పేరు మారితే చాలు, డబ్బు బరువు కూడా మారిపోతుంది కాబోలు.

డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చిన చీటీ పట్టుకుని బావ, అత్తయ్య, నేను మిషన్లు అమ్మే చోటికి వెళ్లాం. చిన్న గది, అద్దాల బల్ల, దాని వెనకాల కళ్లద్దాల అమ్మాయి. చీటీ చదివి, బల్లమీద నల్లటి గుడ్డ పరిచి, దానిమీద మూడు పెట్టెలు పెట్టింది. మూడింటి ధరలూ చెప్పింది. తర్వాత మెత్తగా అంది.

"ఎక్కువమంది ఈ మధ్యదే తీసుకుంటారు సార్."

అప్పటికే బావ చెయ్యి మధ్య పెట్టెమీద ఉంది.

నేను బావ మొహం చూశాను. బావ తన చెయ్యి తనే చూసుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారే, ఇదే అనుకున్నాను. బావ పకపకా నవ్వాడు. "నా మాట నాకే అమ్మేశావు కదమ్మా!" అన్నాడు. ఆ అమ్మాయికేమీ అర్థం కాలేదు.

కానీ అసలు వింత అది కాదు. నవ్వు ఆగిపోయింది, చెయ్యి మాత్రం పెట్టె మీంచి లేవలేదు.

"మరదలా, ఇదంతా కిటుకని నాకు తెలుసు. పాతికేళ్లుగా చేస్తున్నది నేనే. అయినా ఇదే కావాలనిపిస్తోంది" అన్నాడు. ఆ గొంతులో సరదా లేదు. ఖరీదైన పెట్టెని సొరుగులో పెట్టేయమని అమ్మాయిని అడిగి, మళ్లీ బల్లవంక చూశాడు. "చిత్రం చూడు. ఇందాక చవగ్గా కనిపించింది, ఇప్పుడిదే ఖరీదైపోయింది. పెట్టె అదే, నేనూ నేనే."

ఎంత లోతుగా ఉంటుంది ఈ మనసు! దాని దారులన్నీ తెలిసినవాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోతోంది.

లోపల అంత తెలుస్తున్నా నా నోరు ఊరుకుందా? "చవకది మాత్రం వద్దు బావా, కన్నతల్లికి ఇంతేనా అంటారు నలుగురూ" అన్నాను.

"పెట్టేది నలుగురి చెవిలో కాదుగా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను ఈ జన్మలో మరచిపోలేను. "అమ్మా, ఏది ఏదో మాకు చెప్పకుండా, ఆ సొరుగులోదాంతో సహా ఒక్కొక్కటే మా అమ్మకి పెట్టు. నా కళ్లని నేను నమ్మను" అని అమ్మాయికి చెప్పి, వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పెదాల కదలిక చూసి అత్తయ్య పోల్చుకోకూడదు మరి. అందరికీ అమ్మగలిగిన మనిషి, తన తెలివిని తనే పక్కనపెట్టి, గోడకేసి నిలబడ్డాడు. అంత గొప్పతనం నేనెక్కడా చూడలేదు.

అమ్మాయి మొదటిది పెట్టింది. దుకాణంలో మాట్లాడే గొంతుతోనే బావ అడిగాడు. "అమ్మా, ఆకలేస్తోందా?"

అత్తయ్య ఉలిక్కిపడి చుట్టూ చూసింది. "ఇప్పుడేగా తిని వచ్చాం" అంది.

రెండోది పెట్టింది. "అమ్మా, నేను దుబారా మనిషినా?"

"ఎవడ్రా ఆ మాటన్నది?"

మూడోది పెట్టింది. బావ గొంతు ఇంకా తగ్గిపోయింది. "అమ్మా, మాతో కూర్చుని తింటావా?"

అత్తయ్య ఈసారి తలైనా ఊపలేదు. వినపడలేదేమోనని నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మిషన్‌మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, బావ వీపువంక కళ్లార్పకుండా చూస్తోంది.

అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "ఈవిడ వినికిడికి మూడూ సరిపోతాయండీ. ఖరీదైనవి ఫోన్‌కి కలుపుకోవాలనుకునేవాళ్లకి, గోలలో పనిచేసేవాళ్లకి. ఇప్పుడు పెట్టింది అన్నిటికన్నా చవకది. అమ్మగారూ, ఇలా ఇవ్వండి, పెట్టెలో పెట్టి ఇస్తాను."

అత్తయ్య ఇవ్వలేదు. చెవిమీద చెయ్యి తియ్యకుండానే అంది.

"ఒరే నాన్నా, నీ గొంతు ఇంత మెత్తగా ఉంటుందట్రా? ఇన్నేళ్లూ నామీద విసుక్కుంటున్నావనుకున్నాను. అందుకే తలుపేసుకున్నాను."

బావ చాలాసేపు గోడవైపునుంచి ఇటు తిరగలేదు.